చదువు మారితే ఉపకార వేతనం ఏమవుతుంది?

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుండి కార్తీక మాసం వరకు సరిహద్దు గ్రామాల తెలుగు ఇండ్లలో ఒకటే చర్చ. బిడ్డను ఊరికి దగ్గరి కళాశాలలో చేర్పించడమా, ఆవలి రాష్ట్రంలో ఉన్న మేనమామ ఇంట ఉంచి చదివించడమా? ఇక్కడ చేర్పించి ఉంచి, అక్కడ సీటు వచ్చినప్పుడు మార్పిద్దామని ఎక్కువమంది అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. ఐతే సీటు మారినంత సులువుగా దానికి తోడుగా వచ్చే ధన సహాయం మారదు. ఉపకార వేతనం, బోధనా రుసుము చెల్లింపు, విద్యా రుణం, రుణంపై వడ్డీ రాయితీ అనే నాలుగింటికీ నాలుగు రకాల నియమాలున్నవి. మధ్యలో చదువు మారినపుడు వీటిలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో, ఏది తిరిగి కట్టవలసి వస్తుందో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం

మూడువైపులా ఆంధ్ర ప్రాంతం చుట్టుకొని ఉన్న పావగడ తాలూకాలో ఒక రైతు కుటుంబం ఉన్నదనుకుందాం. వెనుకబడిన తరగతికి చెందిన ఆ ఇంటి అమ్మాయి కర్ణాటకలోనే పి.యు.సి. పూర్తిచేసి, తుమకూరులో బి.ఎస్సీ.లో చేరింది. ప్రవేశ రుసుము కట్టారు. కర్ణాటక రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు కూడా పెట్టారు. ఆగస్టు నెలలో అనంతపురంలోని మేనమామ కబురు పంపాడు. అక్కడి ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఖాళీగా ఉన్నదట. తండ్రి తుమకూరు వెళ్లి, ఎవరికీ ఏమీ వ్రాసి ఇవ్వకుండానే, గుమాస్తాను బతిమాలి టీసీ తెచ్చుకున్నాడు. అమ్మాయి అనంతపురంలో చేరింది.

డిసెంబరులో లెక్క చూసుకుంటే పరిస్థితి ఇది. కర్ణాటకలోని దరఖాస్తు తుమకూరు కళాశాల పేరుతో ఉన్నది, ఆ కళాశాల హాజరు ధ్రువీకరించదు కనుక అది ముందుకు సాగదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోధనా రుసుము చెల్లించదు, ఎందుకంటే సీటు మేనేజ్‌మెంట్ కోటాది, కుటుంబం కర్ణాటక వాస్తవ్యులది. తుమకూరులో కట్టిన రుసుము వాపసుకు గడువు దాటిపోయింది. ఇన్ని నష్టాలలో ఒక్కటైనా అమ్మాయి చదువులో లోపంవల్ల వచ్చినది కాదు. ప్రతి సహాయమూ బిడ్డకు ఇచ్చినట్లు కనిపించినా, నిజానికి ఒక నిర్దిష్టమైన సీటుకు ఇచ్చినది. ఏ రాష్ట్ర వాస్తవ్యులు, ఏ మార్గంలో వచ్చిన సీటు, ఏ కళాశాల, ఏ కోర్సు, ఎన్నవ సంవత్సరం అనే ఐదు సంగతులు దరఖాస్తులో వ్రాసి ఉంటవి. వాటిలో ఒక్కటి మారినా సహాయాన్ని తిరిగి నిలబెట్టుకోవలసిన పని మిగులుతుంది.

బిడ్డ ఏ రాష్ట్రానికి చెందినట్లు?

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడనే కనుక దీనిని కొంత విస్తారంగా చెప్పవలసి ఉన్నది. మనం మాట్లాడే భాష ఏదైనా, బంధువులు ఏ వైపున ఉన్నా, ప్రభుత్వం చూచేది మూడు వేర్వేరు సంగతులను: శాశ్వత నివాసం, కులం, చదివిన చోటు.

శాశ్వత నివాసం తల్లిదండ్రులది ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రమే ఉపకార వేతనం ఇవ్వాలి. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే పోస్ట్ మెట్రిక్ పథకంలో ఈ నియమం స్పష్టంగా ఉన్నది. 2021 మార్చిలో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈశాన్య రాష్ట్రాలకు ఇది 90, 10. తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించరాదు. విద్యార్థి పొరుగు రాష్ట్రంలో చదివినా సొంత రాష్ట్రమే సహాయం చేయాలి. కనుక బళ్ళారి జిల్లా షెడ్యూల్డు కులాల విద్యార్థి కర్నూలులో చేరితే దరఖాస్తు పెట్టవలసినది కర్ణాటకలోనే. కర్నూలు కళాశాలవారు ‘మా పోర్టల్‌లో నీ పేరు రాదు’ అన్నంత మాత్రాన సహాయమే లేదనుకొని వదలివేయరాదు. వారు చేయవలసినది విద్యార్థి సొంత రాష్ట్రపు పోర్టల్‌లో ధ్రువీకరణ ఇవ్వడం. ఆ కళాశాల పేరు ఆ పోర్టల్‌లో నమోదై ఉన్నదా అని చేరక ముందే అడిగి తెలుసుకోవాలి.

వెనుకబడిన తరగతుల పథకాలు, రాష్ట్రాలు సొంతంగా నడిపే బోధనా రుసుము చెల్లింపు పథకాలు ఇంత ఉదారమైనవి కావు. అవి సాధారణంగా ఆ రాష్ట్రంలోని కళాశాలలకు, అందునా ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా వచ్చిన సీట్లకు పరిమితం. పావగడ ఉదాహరణలో అమ్మాయి చిక్కుకున్నది ఈ సందులోనే.

ఇక కులం సంగతి. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులంగా లేదా తెగగా గుర్తించిన సముదాయం పక్క రాష్ట్రంలో అదే హోదాలో ఉండవలెనని లేదు. లంబాడీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. వాల్మీకి నాయకులు కర్ణాటకలో షెడ్యూల్డు తెగ కాగా, ఆంధ్ర మైదాన ప్రాంతపు బోయలు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. వలస వెళ్లిన వారికి పుట్టిన రాష్ట్రపు హోదా కొత్త రాష్ట్రంలో రిజర్వేషనుకు పనికిరాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు చెప్పినది. రాయచూరు తాండానుండి మహబూబ్‌నగరుకు చదువుకోబోయిన బిడ్డకు తండ్రి కర్ణాటకలో తెచ్చిన కుల ధ్రువపత్రం తెలంగాణ సీటుకు ఉపకరించదు. కర్ణాటక ఇచ్చే ఉపకార వేతనానికి మాత్రం అదే ధ్రువపత్రం కావాలి. రెండు రాష్ట్రాలలో రెండు ధ్రువపత్రాలు తీసి రెండు చోట్లా దరఖాస్తు పెట్టాలనే ఆలోచన కొందరికి వస్తుంది. ఆధార్ సంఖ్యతో అది ఎప్పటికైనా బయటపడుతుంది. అప్పుడు రెండూ పోతాయి, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టవలసి వస్తుంది.

మూడవది చదివిన చోటు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. అంటే హిందూపురం హాస్టలులో ఉండి తొమ్మిదవ తరగతినుండి ఇంటరు వరకు చదివిన గౌరిబిదనూరు పిల్లవాడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతపు స్థానికుడౌతాడు, అతని తల్లిదండ్రులు ఇప్పటికీ కర్ణాటక వాస్తవ్యులైనప్పటికీ. మిగిలిన 15 శాతం అందరికీ తెరచి ఉన్నదని చాలామంది భ్రమపడతారు. అందులో కూడా ఆ రాష్ట్రంలో పదేండ్లు నివసించినవారు, లేదా తల్లిదండ్రులు పదేండ్లు నివసించినవారు వంటి షరతులున్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2014 పునర్విభజన చట్టం ఇచ్చిన పదేండ్ల గడువుతో 2024 జూన్ 2న ముగిసినది. ఆ తర్వాత ఉభయ రాష్ట్రాలూ తమ నియమాలను సవరించుకొన్నవి. కాబట్టి పాత సంవత్సరాలలో అన్నగారికో అక్కగారికో జరిగినట్లే తమ్ముడికీ జరుగుతుందని అనుకోరాదు.

పైన చెప్పిన హిందూపురం పిల్లవాని పరిస్థితి విచిత్రమైనది. సీటు విషయంలో అతడు ఆంధ్ర స్థానికుడు. రుసుము చెల్లింపు విషయంలో ఆదాయ ధ్రువపత్రం, రేషను కార్డు ఇచ్చేది కర్ణాటక తహసీల్దారు కాబట్టి ఆంధ్ర పథకానికి అతడు పరాయివాడు. మరోవైపు కర్ణాటకలో వృత్తివిద్యా ప్రవేశాలకు ఏడేండ్లు కర్ణాటకలో చదివి ఉండాలనేది ముఖ్యమైన అర్హత మార్గం కనుక అక్కడా ఇబ్బంది ఎదురుకావచ్చు. ఎనిమిదవ తరగతి తర్వాత పిల్లలను సరిహద్దు దాటించి హాస్టలులో చేర్పించే తల్లిదండ్రులు ఆ నాడే ఈ లెక్క వేసుకోవాలి. ఇంటరు పూర్తయిన తర్వాత ఆలోచించడం ఆలస్యమే.

కట్టిన రుసుము వాపసు

కళాశాల మారదలచినప్పుడు చేతినుండి కట్టిన సొమ్ము ఎంత వెనక్కి వస్తుందనేది తేదీమీద ఆధారపడి ఉంటుంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో దీనికి ఒక క్రమం నిర్ణయించినది. ఆ సంస్థ ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటె ముందు వ్రాసి ఇస్తే మొత్తం రుసుము వాపసు ఇవ్వాలి. అందులో ఐదు శాతం వరకు, ఐదు వేల రూపాయలకు మించకుండా, దరఖాస్తు ఖర్చు కింద పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజులలోపు ఐతే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజులలోపు 80 శాతం, 15నుండి 30 రోజుల మధ్య 50 శాతం. ముప్పది రోజులు దాటినచో ఏమీ రాదు. కాషను డిపాజిట్టు మాత్రం ఎప్పుడైనా పూర్తిగా తిరిగి ఇవ్వాలి. దరఖాస్తు అందిన 15 రోజులలో వాపసు జరగాలి.

కొన్ని సంవత్సరాలలో ఇంతకంటె మెరుగైన గడువులు ప్రకటించారు. ఉదాహరణకు 2024-25 విద్యా సంవత్సరంలో సెప్టెంబరు 30 వరకు పూర్తి వాపసు, అక్టోబరు 31 వరకు వెయ్యి రూపాయలకు మించని కోతతో వాపసు అని యూజీసీ ఆదేశించినది. అందుచేత ఆ యేటి ప్రకటన చూడకుండా కళాశాల గుమాస్తా చెప్పిన మాటే ప్రమాణమని తీసుకోరాదు.

ఇంజనీరింగు, పాలిటెక్నిక్ వంటి సాంకేతిక కళాశాలలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి నియమాలు వర్తిస్తాయి. తరగతులు మొదలు కాకముందే మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా తగ్గించి తక్కినది ఇవ్వాలి. తరగతులు మొదలైన తర్వాత మానుకున్నా, ఆ సీటు చివరి తేదీలోగా మరొకరితో నిండితే, చదివిన కాలానికి తగిన మొత్తం మాత్రమే పట్టుకోవాలి. ఏడు రోజులలో సొమ్ము, ధ్రువపత్రాలు చేతికివ్వాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, మధ్యలో మానుకున్న విద్యార్థినుండి తక్కిన సంవత్సరాల రుసుము అడుగరాదు. ‘నాలుగేండ్ల రుసుము కట్టితేగాని టీసీ ఇవ్వము’ అనే మాట మన ప్రాంతంలో విననివారుండరు. ఆ మాటకు నియమంలో స్థానం లేదు.

అసలు ధ్రువపత్రాలను కళాశాలవారు దగ్గర ఉంచుకొనే వాడుక కూడా యూజీసీ నిషేధించినదే. పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వవలెను. ఈ వ్యాసకర్త మేనల్లుని పదవ తరగతి మార్కుల జాబితా ఒక కళాశాల బీరువాలో ఏడు నెలలు ఉండిపోయినది. ఆ ఏడు నెలలలో ఒక ఉపకార వేతనపు గడువూ, ఒక ఉద్యోగ దరఖాస్తు గడువూ దాటిపోయాయి. చివరకు వ్రాతపూర్వకంగా అడిగి, నకలుమీద స్వీకృతి ముద్ర కోరిన రోజునే కాగితాలు బయటికి వచ్చాయి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023లో నిబంధనలు తెచ్చినది. ప్రతి సంస్థలో ఒక సంఘం, విశ్వవిద్యాలయ స్థాయిలో ఒక అంబుడ్స్‌మన్ ఉండాలి. ధ్రువపత్రాలు ఆపడం, రుసుము వాపసు ఇవ్వకపోవడం ఆ ఫిర్యాదుల పరిధిలోనివే.

ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా వచ్చిన సీటును వదలుకోవాలంటే సీటు కేటాయించిన సంస్థ వద్ద కూడా నిర్ణీత గడువులోగా రద్దు నమోదు కావాలి. కళాశాలకు చెప్పి ఊరుకుంటే చాలదు. వైద్య సీట్లకు వదలుకోలు జరిమానాలు వేరుగా, మిక్కిలి కఠినంగా ఉంటాయి. వాటిని చేరిన రోజున సంతకం పెట్టిన బాండులోనే చదువుకోవాలి.

ఉపకార వేతనం నడుస్తుండగా మార్పు

పోస్ట్ మెట్రిక్ పథకంలో చిరకాలంగా రెండు షరతులున్నవి. మొదటిది, ఏ కోర్సుకు వేతనం మంజూరైనదో ఆ కోర్సునుగాని కళాశాలనుగాని ముందస్తు అనుమతి లేకుండా మార్చుకుంటే వేతనం రద్దు చేయవచ్చు. రెండవది, ఆ సంవత్సరం మధ్యలో చదువు మానుకుంటే, ఇచ్చిన సొమ్ము వాపసు కోరే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చదివితే దారి కనిపిస్తుంది. మార్పు తప్పు కాదు, చెప్పకుండా మారడమే తప్పు. మారదలచిన కారణం, కొత్త కళాశాల ప్రవేశ పత్రం, పాత కళాశాల నిరభ్యంతర పత్రం జతచేసి సంక్షేమ శాఖ తాలూకా లేదా జిల్లా కార్యాలయంలో ముందుగా దరఖాస్తు ఇవ్వవలెను.

మరొక షరతు తరచు పిల్లల భవిష్యత్తును దెబ్బతీస్తున్నది. ఒక స్థాయి చదువు పూర్తిచేసి మళ్లీ అదే స్థాయి చదువు వేరే విషయంలో మొదలుపెడితే ఈ పథకం వర్తించదు. బి.కాం. పూర్తిచేసినవాడు బి.ఏ.లో చేరితే వేతనం రాదు. ఒక సంవత్సరం బి.ఎస్సీ. చదివి మానుకొని బి.టెక్. మొదటి సంవత్సరంలో చేరినవారి సంగతి దీనికి భిన్నం, వారు ఆ స్థాయి పూర్తి చేయలేదు. ఐతే మొదటి సంవత్సరానికి వేతనం అదివరకే తీసుకొని ఉంటే, మళ్లీ మొదటి సంవత్సరానికే దరఖాస్తు పెట్టినపుడు పోర్టల్ ప్రశ్నిస్తుంది. అందుకే అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

షెడ్యూల్డు కులాల పథకంలో 2021 సవరణ తర్వాత కేంద్రం వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతున్నది. పిల్లవాడు కళాశాల మారిన తర్వాత పాత సంవత్సరపు సొమ్ము ఖాతాలో పడవచ్చు. అందులోని బోధనా రుసుము భాగం పాత కళాశాలకు చెందినదే. దానిని కొత్త కళాశాలలో కట్టివేస్తే పాత కళాశాలవారు బాకీ చూపి టీసీయో మార్కుల జాబితాయో ఆపే వివాదం మొదలౌతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సొమ్ము ఎవరి ఖాతాలో పడాలన్నది ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చినది. విద్యాదీవెన పేరుతో కొన్నేండ్లు తల్లుల ఖాతాలలో వేశారు, 2024లో కళాశాలలకే నేరుగా చెల్లించే పద్ధతికి మారారు. మధ్యలో కళాశాల విడిచినవారు తమ చదువు ఏ పద్ధతి నడిచిన సంవత్సరంలోనిదో చూచుకొని బాకీ లెక్క తేల్చుకోవాలి.

మార్పుకు కొంత అనుకూలంగా ఉన్నది కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చే కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల ఉపకార వేతనం. పన్నెండవ తరగతిలో తమ బోర్డులోని మొదటి 20 శాతం విద్యార్థులలో ఉండి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలకు మించనివారికి డిగ్రీ మూడేండ్లూ ఏటా 12 వేలు, స్నాతకోత్తర స్థాయిలో ఏటా 20 వేలు ఇస్తారు. ఏటా కొత్తగా 82 వేల మందికి మంజూరు చేస్తారు. కళాశాల మారినా, కొత్త కళాశాలకు ఉన్నత విద్యా సర్వేక్షణలో నమోదు సంఖ్య ఉంటే వేతనం కొనసాగుతుంది. ఏటేటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి. దూరవిద్యకు మారితే మాత్రం ఆగిపోతుంది. దీనితోబాటు మరొక ఉపకార వేతనంగాని, రాష్ట్రపు రుసుము చెల్లింపుగాని తీసుకోరాదు. కనుక పెద్ద సహాయం ఏదో లెక్కించి ఒకటే ఎంచుకోవాలి.

బ్యాంకు రుణం

ఉపకార వేతనం పోతే ఒక సంవత్సరపు నష్టం. రుణం లెక్క తప్పితే పదిహేనేండ్ల భారం. విద్యా రుణం మంజూరు పత్రంలో కళాశాల, కోర్సు, సంవత్సరాలవారీ రుసుము వ్రాసి ఉంటుంది. బ్యాంకు ఆ సొమ్మును విడతలుగా నేరుగా కళాశాలకే పంపుతుంది. కళాశాల మారితే పాత మంజూరు కొత్త కళాశాలకు తనంతట వర్తించదు. సవరించిన మంజూరు కోరవలెను. అప్పటివరకు తక్కిన విడతలు ఆపమని బ్యాంకుకు వ్రాసి ఇవ్వాలి. పాత కళాశాల వాపసు ఇచ్చే రుసుము తండ్రి చేతికి కాక రుణ ఖాతాకే జమ కావాలి. ఆ సొమ్ముతో ఇంటి అవసరాలు గడుపుకొన్నవారు తర్వాత తీసుకోని చదువుకు వడ్డీ కట్టుతూ ఉంటారు.

మామూలుగా చదువు కాలం, ఆ తర్వాత ఒక సంవత్సరం వరకు వాయిదాలు మొదలుకావు. చదువు మానివేస్తే ఆ వెసులుబాటు కూడా ముగిసినట్లే బ్యాంకు లెక్కిస్తుంది. అనారోగ్యం మొదలైన కారణాలతో చదువు ఆలస్యమైతే భారతీయ బ్యాంకుల సంఘపు నమూనా పథకం రెండేండ్ల వరకు గడువు పొడిగించే వీలు కల్పించినది. ఆ పొడిగింపు అడిగితేనే వస్తుంది.

వడ్డీ రాయితీ విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారి వృత్తివిద్యా, సాంకేతికవిద్యా రుణాలపై చదువుకాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009-10నుండి ఉన్నది. చదువు మధ్యలో మానుకున్నవారికి, క్రమశిక్షణ లేదా చదువు కారణాలతో తొలగించబడినవారికి ఈ రాయితీ వర్తించదు. అనారోగ్య కారణంతో మానుకొన్నవారికి తగిన వైద్య పత్రాలుంటే మినహాయింపు ఉన్నది. కాబట్టి నిజంగా జబ్బుపడి చదువు ఆపవలసి వచ్చిన పిల్లవాని విషయంలో ఆసుపత్రి కాగితాలు పారవేయరాదు. కళాశాలకు ఇచ్చే లేఖలో కూడా కారణం స్పష్టంగా వ్రాయాలి. ‘సొంత కారణాలవల్ల’ అని వ్రాసి సంతకం పెడితే ఆ రెండు మాటలే తర్వాత అడ్డుపడతాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎనిమిది లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి మూడు శాతం వడ్డీ రాయితీ ఉన్నది. అది ఎంపికచేసిన నాణ్యమైన సంస్థలకే. ఆ జాబితాలోని కళాశాలనుండి జాబితాలో లేని కళాశాలకు మారేముందు బ్యాంకును సంప్రదించాలి.

ఒక్కొక్క ప్రాంతంలో గమనించవలసినవి

తమిళనాడులో హోసూరు, తళి ప్రాంతాల తెలుగు కుటుంబాలు చదివిన బడిని బట్టి లాభపడతాయి. ఆరునుండి పన్నెండవ తరగతి వరకు ఆ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలో చదివినవారికి 2020లో వైద్య విద్యలో, 2021లో ఇంజనీరింగు మొదలైన వృత్తివిద్యలలో ఏడున్నర శాతం సీట్లు కేటాయించారు. 2022 సెప్టెంబరులో మొదలైన పుదుమై పెణ్ పథకం కింద ప్రభుత్వ పాఠశాలలో చదివిన అమ్మాయిలకు నెలకు వెయ్యి రూపాయలిస్తున్నారు. మధ్యలో రెండేండ్లు కుప్పంలో తాతగారి ఇంట చదివించితే ఆ వరుస తెగిపోతుంది.

మహారాష్ట్రలోని దెగ్లూరు, ధర్మాబాద్, సిరొంచ ప్రాంతాలవారు మహాడీబీటీ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. 2024-25నుండి ఎనిమిది లక్షలలోపు ఆదాయం గల వెనుకబడిన, ఆర్థికంగా బలహీన వర్గాల అమ్మాయిలకు వృత్తివిద్యలలో బోధన, పరీక్ష రుసుములు పూర్తిగా మాఫీ చేశారు. అది ప్రభుత్వ కేంద్రీకృత ప్రవేశాల ద్వారా వచ్చిన సీటుకే. నిజామాబాదు కళాశాలలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకొనే ముందు ఈ మాఫీ విలువ ఎంతో లెక్కించుకోవడం మంచిది.

కర్ణాటకలో బళ్ళారి, రాయచూరు మొదలైన జిల్లాలవారికి 371-జె అధికరణం కింద ఆ ప్రాంతపు సంస్థలలో 70 శాతం, రాష్ట్రస్థాయి సంస్థలలో 8 శాతం సీట్ల ప్రత్యేకత ఉన్నది. పావగడ, కోలారు, బాగేపల్లి ఈ పరిధిలోకి రావు. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాలవారు శ్రీకాకుళం, విజయనగరం కళాశాలలకు రావడం తరతరాల అలవాటు. వారు సొంత రాష్ట్రపు ఉపకార వేతనపు పోర్టల్‌నే ఆశ్రయించాలి. యానాం పిల్లలకు కాకినాడ కూతవేటు దూరం. ఐతే పుదుచ్చేరి ప్రభుత్వపు కామరాజర్ ఆర్థిక సహాయ పథకం సెంటాక్ ద్వారా కేటాయించిన సీట్లకు సంబంధించినది. ఆ సీటు వదలి కాకినాడలో సొంతంగా చేరినవారు ఆ సహాయాన్ని కూడా వదలుకొన్నట్లే.

ఏది ముందు, ఏది వెనుక

మార్పు నిశ్చయమైనపుడు పని చేయవలసిన వరుస ఇది. మొదట కొత్త సీటు ఏ కోటాదో వ్రాతపూర్వకంగా తెలుసుకొనవలెను. తర్వాత సంక్షేమ శాఖకు, బ్యాంకుకు సమాచారం ఇవ్వాలి. వారి సమాధానం చూచి పాత కళాశాలలో రద్దు దరఖాస్తు ఇచ్చి, తేదీతో కూడిన స్వీకృతి తీసుకోవాలి. కట్టిన ప్రతి రసీదు, పాత దరఖాస్తు సంఖ్య, హాజరు ధ్రువీకరణ, బాకీ లేదనే పత్రం అడిగి తీసుకొని, ఆ తర్వాతనే టీసీతో బయలుదేరాలి. పాత దరఖాస్తు పోర్టల్‌లో ఇంకా నడుస్తుంటే దానిని ఉపసంహరింపజేయాలి. లేకుంటే కొత్త దరఖాస్తు ‘అదివరకే ఉన్నది’ అని తిరిగి వస్తుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో 2024-25నుండి ఒక విద్యార్థికి ఒకే నమోదు సంఖ్య ఇస్తున్నారు. కళాశాల మారినా ఆ సంఖ్య మారదు, కొత్తది తీయరాదు.

ఇంకొక చిన్న సంగతి. కొత్త ఊరిలో హాస్టలు అవసరాలకు పిల్లవానికి కొత్త బ్యాంకు ఖాతా తెరిచి, దానికి ఆధార్ కలుపుతారు. ప్రభుత్వ సొమ్ము చివరిసారిగా ఆధార్ అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది. పాత ఖాతా పుస్తకం ఇంట్లో పెట్టుకొని ‘సొమ్ము రాలేదు’ అని తాలూకా కార్యాలయం చుట్టూ తిరిగే తండ్రి, ముందుగా అనుసంధానం ఏ ఖాతాకు ఉన్నదో బ్యాంకులో అడిగి చూచుకోవలెను.